సుడి నిజంగా ఉందా, ఉన్నట్టు కనబడిందా: టర్బులెన్స్ ల్యాబుల్లో తెగని పంచాయితీ

ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే ఏడు ఫిబ్రవరిలో బెంగళూరు యలహంక మీద తేజస్ యుద్ధ విమానం గట్టిగా మలుపు తిరిగిందంటే రెక్కల పైన ఒక్కసారి తెల్లటి ఆవిరి లేచి మాయమైపోతుంది, మారతహళ్ళి నుంచీ కేఆర్ పురం నుంచీ పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన తెలుగువాళ్ళు కూడా ఫోన్లు పైకెత్తి "అదిగో వోర్టెక్స్", అంటే సుడి, అని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టేస్తుంటారు. సగం కరెక్టే. తేజస్‌ది డెల్టా రెక్క, అంటే త్రికోణం ఆకారంలోది, కాబట్టి ముక్కు పైకెత్తినప్పుడు ముందు అంచు దగ్గర గాలి విడిపోయి చుట్టుకుని రెండు వైపులా బలమైన సుడులు పుడతాయి, సుడి మధ్యలో ప్రెజర్ పడిపోతుంది, ప్రెజర్ పడితే గాలి చల్లబడుతుంది, తేమ సరిపడా ఉంటే అది సన్నటి నీటి బిందువులై తెల్లగా కనబడుతుంది. మరి తేమ లేకపోతే? గాలి పొడిబారిన మధ్యాహ్నం అదే విమానం అదే మలుపు తిరిగినా ఏమీ కనబడకపోవచ్చు, సుడి మాత్రం ఎక్కడికీ పోలేదు. తిరగేసి చూసినా అంతే, సుడి లేని చోట కూడా రెక్క పైన ప్రెజర్ బాగా తగ్గితే ఆ భాగం మొత్తం తెల్లబడొచ్చు.

అంటే కంటికి కనబడింది వేరు, అక్కడ ఉన్నది వేరు. టర్బులెంట్, అంటే అల్లకల్లోలంగా పారే, ప్రవాహాల్లో సుడుల మీద ఎక్స్‌పెరిమెంట్లు చేసేవాళ్ళకి వందేళ్ళ పైనుంచి ఉన్న అసలు తలనొప్పి ఇదే, ఎక్విప్‌మెంట్ ఎంత మారినా ఇది మాత్రం రూపం మార్చుకుని మళ్ళీ వచ్చి కూర్చుంటూనే ఉంది.

మొదలు 1883 దగ్గర. మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్ళు పారించి మధ్యలో రంగు వదిలాడు, నెమ్మదిగా పారినంత సేపూ రంగు గీత గీసినట్టు తిన్నగా పోయింది, స్పీడు పెంచితే ఒక చోట నుంచి చెదిరిపోయి గొట్టం అంతా రంగు కలిసిపోయింది. టెక్స్ట్‌బుక్కుల్లో కథ ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆయన ఇంకో పని చేసాడు, ఆ కలిసిపోయిన రంగుని మామూలు వెలుతురులో కాకుండా ఎలక్ట్రిక్ స్పార్క్ వెలుగులో చూసాడు, క్షణంలో వంతు మెరిసే ఆ వెలుగులో చూస్తే కలిసిపోయిన మసక కాదది, విడివిడిగా చుట్టలు చుట్టుకున్న సుడులు. అంటే కన్ను స్లోగా ఉండబట్టి మసకలా అనిపించింది గానీ లోపల రూపం ఉంది. టర్బులెన్స్ అంటే ఉత్త గందరగోళం కాదు అనడానికి మొదటి సాక్ష్యం ఆ స్పార్కే అనుకోవచ్చు.

రేనాల్డ్స్ పేరు మీద ఒక నంబర్ ఉంది, స్పీడునీ సైజునీ గుణించి కైనమాటిక్ విస్కాసిటీతో, అంటే జిగటతనం కొలతతో, భాగిస్తే వచ్చేది, అది పెరిగేకొద్దీ ప్రవాహం టర్బులెంట్ అవుతుంది. నీటికి ఆ విస్కాసిటీ సెకనుకి సుమారు ఒక చదరపు మిల్లీమీటర్, గాలికి దానికి 15 రెట్లు. ఒక మామూలు కాలేజీ వాటర్ ఛానల్ లెక్క తీసుకుందాం, నీళ్ళు సెకనుకి 20 సెంటీమీటర్ల స్పీడు, అడ్డంగా 2 సెంటీమీటర్ల మందం ఉన్న రాడ్డు. రేనాల్డ్స్ నంబర్ 4000 వస్తుంది. ఈ నంబర్ 47 దాటిన దగ్గర్నుంచే రాడ్డు వెనకాల సుడులు ఒకటి ఇటూ ఒకటి అటూ విడిపడడం మొదలవుతుంది, దాన్నే కార్మన్ వోర్టెక్స్ స్ట్రీట్ అంటారు, 180 దాటాక అది సన్నగా మెలికలు తిరిగి త్రీడీ అయిపోతుంది, 4000 దగ్గరైతే వెనకంతా టర్బులెంటే. అయినా పెద్ద సుడులు మాత్రం క్రమం తప్పవు. సెకనుకి ఎన్ని విడిపడతాయో దాన్ని రాడ్డు మందంతో గుణించి స్పీడుతో భాగిస్తే వచ్చే స్ట్రౌహాల్ నంబర్ సుమారు 0.2 దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి మన రాడ్డు వెనక సెకనుకి రెండు జతలు, స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెట్టేసేంత తీరుబాటుగా.

ఇదే లెక్క గాల్లో 1 సెంటీమీటర్ తీగకి సెకనుకి 5 మీటర్ల గాలితో వేస్తే సెకనుకి 100 సార్లు. హైవే పక్కన హైటెన్షన్ లైన్లకి టవర్ దగ్గర డంబెల్ ఆకారంలో చిన్న బరువులు వేలాడుతుంటాయి చూడండి, అవి స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపర్లు, ఈ సుడులు తీగని ఊపి ఊపి అలిసిపోయేలా చేసి తెంపకుండా పెట్టినవి. ఇక్కడే ఒక మాట, 1940లో అమెరికాలో కూలిన టకోమా బ్రిడ్జి కార్మన్ సుడుల రెజొనెన్స్ వల్లే, అంటే సుడుల ఊపు బ్రిడ్జి సొంత ఊపుతో కలవడం వల్లే, పడిపోయింది అని ఇప్పటికీ క్లాసుల్లో చెప్తున్నారు, అది నిలబడదు, ఆ రోజు గాలికి సుడులు సెకనుకి దాదాపు ఒకసారి విడిపడాలి, బ్రిడ్జి మెలిక తిరిగింది ఐదు సెకన్లకి ఒకసారి. అక్కడ జరిగింది ఫ్లట్టర్, బ్రిడ్జి కదలికే గాలి నుంచి శక్తి లాక్కుని ఆ కదలికని ఇంకా పెంచుకోవడం. ఫ్రీక్వెన్సీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేలిపోయే విషయం, ఫిల్ములో బ్రిడ్జి ఊగడం చూసేసరికి అందరూ సుడి మీదకి తోసేసారు.

సరే రంగు విషయానికి. రంగు వేసి చూడడంలో రెండు మోసాలున్నాయి, రెండూ తెలిసినవే అయినా ఇప్పటికీ ఫొటో చూడగానే మర్చిపోతుంటారు. మొదటిది, రంగుకి జ్ఞాపకం ఎక్కువ. నీళ్ళలో వోర్టిసిటీ, అంటే నీటి కణం తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో ఆ కొలత, విస్కాసిటీ వల్ల పాకి పలచబడుతుంది, రంగు మాలిక్యూల్స్ పాకే వేగం దాంతో పోలిస్తే వెయ్యో వంతు, ఇంకా తక్కువ కూడా. కాబట్టి సుడి ఎప్పుడో తిరగడం మానేసినా అది చుట్టిన రంగు చుట్ట అలాగే తేలుతూ ఉంటుంది, కెమెరాలో చూస్తే బతికున్న సుడికీ చచ్చిన సుడికీ తేడా తెలీదు. రెండోది ఇంకా ఘోరం. 1962లో హామా అనే ఆయన లెక్క వేసి చూపించాడు, షియర్ ఉన్న, అంటే పక్కపక్క పొరలు వేరువేరు స్పీడుతో జారే, ప్రవాహంలో చిన్న అల ప్రయాణిస్తుంటే చాలు, అందులో ఎక్కడా సుడి బలపడకపోయినా వదిలిన రంగు గీత తనంతట తాను చుట్టుకుపోతుంది. ఎందుకంటే రంగు గీత చూపించేది ఈ క్షణంలో వేగం కాదు, ఆ పాయింట్ దాటి పోయిన కణాలన్నీ ఇప్పటిదాకా తిరిగిన దారుల మొత్తం. అంతకుముందు వచ్చిన ఎన్నో అందమైన ఫొటోల్ని మళ్ళీ అనుమానంగా చూడాల్సి వచ్చింది.

అలాగని కంటితో చూడడం దండగ అనుకుంటే 1974 అడ్డం వస్తుంది. అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో బ్రౌన్, రోష్కో ఇద్దరూ ఒక గ్యాస్ పక్కన ఇంకో గ్యాస్ వేరే స్పీడుతో పారించి మధ్యలో కలిసే పొరని షాడోగ్రాఫ్‌తో, అంటే సాంద్రత తేడాకి పడే నీడల్ని పట్టే పద్ధతితో, ఫొటో తీసారు, ఒకటి హీలియం ఒకటి నైట్రోజన్, సాంద్రతలో ఏడు రెట్ల తేడా. వాళ్ళు వెతుకుతున్నది సాంద్రత ప్రభావం. ఫొటోలో కనబడింది వరసగా దొర్లుకుంటూ పోతున్న పెద్ద పెద్ద రోలర్లు, అదీ రేనాల్డ్స్ నంబర్ బాగా ఎక్కువున్న పూర్తి టర్బులెంట్ పొరలో. అప్పటిదాకా టర్బులెన్స్ అంటే యావరేజిలూ స్టాటిస్టిక్సూ తప్ప ఇంకేం లేదన్నట్టు నడిచింది, అదంతా కదిలిపోయింది. ఇవి ప్రవాహం టర్బులెంట్‌గా మారే ట్రాన్సిషన్ టైంలో మిగిలిపోయిన అవశేషాలే, కిందకి పోయేకొద్దీ పోతాయి అని వాదించినవాళ్ళూ ఉన్నారు, ఆ వాదన చాలా ఏళ్ళు నడిచింది. అదే ఏడు వినాంట్, బ్రోవాండ్ నీళ్ళలో రంగు వేసి రెండు రోలర్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఒకటైపోతూ పొరని వెడల్పు చేస్తున్నాయని చూపించారు.

ఆ రోష్కో గురువు లీప్‌మన్, ఆయన దగ్గరే సతీష్ ధావన్ 1951లో పీహెచ్‌డీ చేసి బెంగళూరు ఐఐఎస్సీకి వచ్చాడు, తర్వాత రొద్దం నరసింహ కూడా అదే లీప్‌మన్ దగ్గర 1961లో చేసాడు. ధావన్ పేరు మనవాళ్ళకి శ్రీహరికోట బోర్డు మీద పరిచయం, రొద్దం అనగానే పెనుకొండ వైపువాళ్ళు మా పక్క ఊరే అంటారు, కానీ వీళ్ళిద్దరి అసలు పని మల్లేశ్వరం పక్కన ఆ చెట్ల మధ్య విండ్ టన్నెల్స్‌లో జరిగింది అన్న సంగతి రాకెట్ల మోతలో వినబడకుండా పోయింది. 1958లో ఇద్దరూ కలిసి రాసిన పేపర్ బౌండరీ లేయర్, అంటే గోడకి ఆనుకుని నెమ్మదించే గాలి పొర, ల్యామినార్ (పొరలు పొరలుగా తిన్నగా పారడం) నుంచి టర్బులెంట్‌కి ఎలా మారుతుందో చెప్తుంది, మారడం ఒక గీత దాటినట్టు జరగదు, ఒక చోట కాసేపు ల్యామినార్ కాసేపు టర్బులెంట్, ఎంత శాతం సమయం టర్బులెంట్‌గా ఉందో ఆ శాతం కిందకి పోయేకొద్దీ ఎలా పెరుగుతుందో ఒకే ఆకారం ఉన్న కర్వ్ మీద పడుతుంది.

దానికి వాడింది హాట్‌వైర్. 5 మైక్రాన్ల మందం, ఒక మిల్లీమీటర్ అటూఇటుగా పొడవు ఉన్న టంగ్‌స్టన్ తీగని కరెంటుతో వేడిగా ఉంచుతారు, గాలి ఎంత జోరుగా తగిలితే అంత చల్లబడాలి కాబట్టి వేడి పడిపోకుండా ఎంత కరెంటు తోయాల్సి వస్తోందో చూసి స్పీడు లెక్కకడతారు, సెకనుకి వేల సార్లు. ఇంత స్పీడు ఇప్పటికీ చాలా కెమెరాలకి లేదు. లోపం ఏంటంటే ఒక్క పాయింట్, ఎదురుగా ఏ ఆకారం పోయిందో తెలీదు, టైం మీద గీత మాత్రం వస్తుంది. దాన్నించి ఆకారం తీయడానికి 1938లో టేలర్ చెప్పిన ఉపాయం ఉంది, సుడులు మారేలోపే ప్రవాహం వాటిని మోసుకుపోతుంది అనుకుని టైంని స్పీడుతో గుణించి పొడవు చేసేయడం. యశ్వంతపురం ప్లాట్‌ఫామ్ మీద కళ్ళు మూసుకుని నిలబడి బండి స్పీడు తెలుసు కాబట్టి శబ్దం విని బోగీల పొడవు చెప్పడం లాంటిది, బండి నిలకడగా పోతే బాగానే వస్తుంది, గోడ దగ్గర ప్రవాహం నిలకడగా పోదు, అక్కడ ఒక్కో సైజు సుడి ఒక్కో స్పీడుతో పోతుంది.

ఇప్పుడు బెంగళూరు కథలో బాగా ఆసక్తి ఉన్న భాగం. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో క్లైన్ బృందం నీళ్ళలో సన్న తీగ మీంచి హైడ్రోజన్ బుడగలు వదిలి గోడకి ఆనుకుని నెమ్మదిగా పోయే పొడవాటి చారలు చూసారు, ఆ చారలు ఉన్నట్టుండి పైకి లేచి ఊగి పగిలిపోతాయి, దానికి బర్స్ట్ అని పేరు పెట్టారు. గోడ దగ్గర జరిగే పని కాబట్టి గోడ దగ్గరి కొలతలే, అంటే విస్కాసిటీ, గోడ రాపిడి, ఇవే దాని టైమింగ్ నిర్ణయిస్తాయి అనుకున్నారు, వినడానికి కూడా సబబుగానే ఉంటుంది. 1971లో ఐఐఎస్సీ నుంచి నరహరిరావు, నరసింహ, బద్రి నారాయణన్ హాట్‌వైర్ సిగ్నల్‌ని ఫిల్టర్ చేసి బర్స్టులు లెక్కపెట్టి ఇందుకు అడ్డంగా చెప్పారు, రెండు బర్స్టుల మధ్య గ్యాప్ బౌండరీ లేయర్ మొత్తం మందం, బయటి స్పీడు, వీటిని బట్టి నడుస్తోంది అని. అంటే గోడ దగ్గర పుట్టే సుడికి టైం చెప్పేది ఎక్కడో పైన ఉన్న పెద్ద సుడులు. చిన్న ల్యాబ్, తక్కువ ఎక్విప్‌మెంట్, అయినా ప్రపంచంలో ఈ సబ్జెక్టు మీద ఏ పేపర్ రాసినా తప్పించుకోలేని రిజల్ట్.

కథ అక్కడ ఆగలేదు. 1983లో బ్లాక్‌వెల్డర్, హారిటోనిడిస్ చాలా పొట్టి తీగలతో మళ్ళీ కొలిచి కాదు కాదు గోడ కొలతలే కరెక్టు అన్నారు, పొడవు తీగ చిన్న సుడుల్ని యావరేజ్ చేసి మింగేస్తుంది, తీగ 20 వాల్ యూనిట్ల (గోడ దగ్గరి విస్కాసిటీ, రాపిడి నుంచి తీసే పొడవు కొలత) కన్నా పొడవుంటే లెక్క తప్పుతుంది అని. ఈ 20 అంటే ఎంతో చూస్తే విషయం అర్థమవుతుంది, సెకనుకి 10 మీటర్లు తోలే మామూలు విండ్ టన్నెల్‌లో ఒక వాల్ యూనిట్ 0.04 మిల్లీమీటర్ దగ్గర, 20 యూనిట్లు అంటే 0.8 మిల్లీమీటర్. చాలా ల్యాబుల్లో ఉండే ఒక మిల్లీమీటర్ తీగ సరిగ్గా గీత దాటేస్తుంది. అంటే ఏ సుడి ఎవరి మాట వింటోంది అన్న పెద్ద ప్రశ్నకి జవాబు తీగ పొడవు మీద పడింది. ఇందులో ఎవరు గెలిచారు అని చూడడం కన్నా, గోడ దగ్గర చిన్న కొలతల పనీ పెద్ద కొలతల పనీ రెండూ కలిసి ఉన్నాయనీ పెద్ద సుడులు చిన్నవాటిని ఎక్కువ తక్కువ చేస్తుంటాయనీ తర్వాత వచ్చిన కొలతలు చూపించాయి, ఆ లెక్కన 1971 పేపర్ పట్టుకున్న కొస గట్టిదే.

ఇప్పుడు ల్యాబుల్లో రాజ్యం పీఐవీది, అంటే పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీది. నీళ్ళలో 10 మైక్రాన్ల బోలు గాజు పూసలు కలిపి, లేజర్‌ని పలచటి పొరలా పరిచి, రెండు మెరుపులు వెంటవెంటనే కొట్టి రెండు ఫొటోలు తీసి, పూసల గుంపు ఎంత జరిగిందో కంప్యూటర్‌తో పోల్చి చూస్తారు. ఆకుపచ్చ వెలుగు, స్క్రీన్ నిండా బాణాలు, చూడ్డానికి ఇంక అనుమానం అక్కర్లేదు అనిపిస్తుంది. మన 2 సెంటీమీటర్ల రాడ్డు దగ్గరకే వెళ్దాం. 10 సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేమ్‌ని 2000 పిక్సెల్స్‌తో తీస్తే ఒక పిక్సెల్ 0.05 మిల్లీమీటర్, పూసలు ఓ 8 పిక్సెల్స్ జరగాలంటే రెండు మెరుపుల మధ్య 2 మిల్లీసెకన్లు ఇవ్వాలి. పోల్చడానికి తీసుకునే గడి 32 పిక్సెల్స్ అయితే 1.6 మిల్లీమీటర్లు, ఆ గడి మొత్తానికి ఒకే బాణం.

రాడ్డు వెనకాల అతి చిన్న కొలత ఎంత? రష్యన్ గణితవేత్త కొల్మోగొరోవ్ 1941 లెక్క ప్రకారం, వేగంలో ఊగిసలాట మెయిన్ స్పీడులో ఏడో వంతు అనుకుంటే, 0.15 మిల్లీమీటర్ అటూఇటుగా వస్తుంది, టర్బులెన్స్‌లో దారాల్లా ఉండే సన్న సుడుల మందం దానికి పది రెట్ల దగ్గర ఉంటుంది అని కంప్యూటర్ సిమ్యులేషన్లు చూపించాయి కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటర్. అంటే ఒక సుడి మొత్తం ఒక గడిలో దూరిపోయింది, దానికి మిగిలింది ఒక్క బాణం. ఒక బాణంతో సుడి గీయలేం. జూమ్ చేస్తే చిన్న సుడి దొరుకుతుంది గానీ దాన్ని పుట్టించిన పెద్ద సుడి ఫ్రేమ్ బయటకి పోతుంది. పైగా లేజర్ పొర మందమే ఒక మిల్లీమీటర్, సుడి అడ్డంగా పడుకుని ఉంటే పూసల్లో కొన్ని రెండో మెరుపు లోపలే పొర దాటి పోతాయి. నాలుగు కెమెరాలు పెట్టి ఒక ముక్క మొత్తాన్ని త్రీడీలో తీసే టోమోగ్రాఫిక్ పద్ధతి వచ్చింది, దాంతో కొంత మేలు, బిల్లు మాత్రం చాలా పెద్దది.

సరే బాణాలన్నీ కరెక్టుగా వచ్చాయే అనుకుందాం, ఇందులో సుడి ఏది? వోర్టిసిటీ ఎక్కువున్న చోటే సుడి అనడానికి లేదు, గోడ పక్కన తిన్నగా పోయే ల్యామినార్ పొరలో కూడా వోర్టిసిటీ బోలెడుంటుంది, ఏదీ చుట్టు తిరగదు. బాణాలు గుండ్రంగా ఉన్న చోటు అందామా, కెమెరాని ప్రవాహంతో పాటు కదిలిస్తే ఒక చోట గుండ్రంగా కనబడినవి ఇంకో స్పీడులో అలలుగా మారిపోతాయి, చూసేవాడి స్పీడుని బట్టి సుడి ఉండడం మానేయడం న్యాయం కాదు కదా. అందుకే 1988లో హంట్ వాళ్ళు క్యూ అని ఒక కొలత పెట్టారు, తిరుగుడు సాగుడు కన్నా ఎక్కువున్న చోటు సుడి అని, 1995లో జియోంగ్, హుస్సేన్ లాంబ్డా-2 తెచ్చారు, అది సుడి మధ్యలో ప్రెజర్ తగ్గడాన్ని పట్టుకుంటుంది. రెండిటికీ చూసేవాడి స్పీడుతో పని లేదు, అది మంచిదే. కానీ ప్రాక్టికల్‌గా గీత ఎక్కడ గీయాలో మనిషే నిర్ణయిస్తాడు, త్రెషోల్డ్ కాస్త పెంచితే పొడుగాటి సుడి మూడు ముక్కలవుతుంది, కాస్త తగ్గిస్తే పక్కపక్కనున్నవన్నీ అతుక్కుపోయి పీచులా అవుతుంది. పైగా ఇవన్నీ వేగం తేడాల నుంచి తీసే లెక్కలు, తేడా తీసినప్పుడల్లా నాయిస్ పెరుగుతుంది, పీఐవీలో పిక్సెల్‌లో పదో వంతు తప్పు మామూలే. గోడ మీద హెయిర్‌పిన్ ఆకారం సుడులు ఉంటాయని 1952లో థియోడోర్సన్ ఊహించి బొమ్మ వేసాడు, 1981లో హెడ్, బంద్యోపాధ్యాయ్ పొగతో చూపించారు, 2000లో ఏడ్రియన్ బృందం పీఐవీతో అవి గుంపులుగా పోతాయంది, అయినా రేనాల్డ్స్ నంబర్ బాగా పెద్దదైన చోట నిజంగా ఎన్ని హెయిర్‌పిన్లున్నాయి ఎన్ని మనం గీసుకున్నవి అన్నది ఇప్పటికీ గొడవే.

ఈ గొడవ నుంచి బయటపడడానికి కొందరు దారి మార్చారు, టర్బులెన్స్‌లో సుడి కోసం వెతకడం మానేసి, సుడుల్నే తీసుకుని టర్బులెన్స్ తయారు చేద్దాం అని. 1992లో లిమ్, నికెల్స్ నీళ్ళలో పొగ వలయం లాంటి సుడి రింగులు రెండు, ఒకటి ఎర్ర రంగు ఒకటి నీలం, ఎదురెదురుగా గుద్దించారు, అవి గుద్దుకుని వెడల్పుగా సాగి అంచు చుట్టూ చిన్న చిన్న రింగులుగా విడిపోయాయి, ఒక్కో చిన్న రింగులో సగం ఎరుపు సగం నీలం. 2020లో హార్వర్డ్ బృందం అదే పని హైస్పీడ్ లేజర్ స్కాన్‌తో చేసి, రెండు సుడులు దగ్గరైతే అడ్డంగా సన్న సుడులు పుడతాయి, వాటి మధ్య మళ్ళీ ఇంకా సన్నవి, అని మెట్టు మెట్టుగా చూపించింది. పెద్దది చిన్నదాన్ని చిన్నది ఇంకా చిన్నదాన్ని అని కొల్మోగొరోవ్ లెక్కల్లో శక్తి దిగే దారి ఏదైతే ఉందో దాని కదలిక కళ్ళముందు దొరికింది. 2023లో షికాగోలో ట్యాంకు ఎనిమిది మూలల నుంచీ రింగులు మధ్యలోకి కొట్టి గోడలకి తగలకుండా ఒక టర్బులెన్స్ ముద్దని నిలబెట్టారు. ఇక్కడ ఎంత తిరుగుడు లోపలికి వేసారో ముందే తెలుసు, మిగతా చోట్ల లేని సౌకర్యం అది.

బెంగళూరులో ఇలా తయారు చేసి చూసే పద్ధతి మేఘాల కోసం వచ్చింది. క్యుములస్ మేఘం పైకి లేచేటప్పుడు ఆవిరి నీరై వేడి విడుదలవుతుంది, ఆ వేడి ప్రవాహం మధ్యలోనే పుడుతుంది, దాన్ని ల్యాబులో చేయడం ఎలా? నరసింహ, భట్ వాళ్ళు నీళ్ళ ట్యాంకులోకి వదిలే జెట్‌లో కొంచెం యాసిడ్ కలిపి కరెంటు పారేలా చేసి, దారిలో తీగల జాలీలు పెట్టి జెట్‌ని లోపల్నుంచే వేడెక్కించారు. మామూలు జెట్ అంచున ఉండే పెద్ద సుడులు చుట్టూ ఉన్న నీళ్ళని లోపలికి లాక్కుంటాయి, వేడి పెట్టగానే ఆ సుడుల అమరిక చెదిరిపోయి బయటి నీళ్ళు లోపలికి రావడం తగ్గింది, మేఘాల మధ్యలో బయటి పొడి గాలి కలవని భాగాలు ఎలా మిగులుతాయో దానికి ఇది ఒక కారణం అవుతుంది. బెంగళూరులోనే ఉన్న జేఎన్‌సీఏఎస్ఆర్ పరిశోధన సంస్థ వాళ్ళూ ఐఐఎస్సీ వాళ్ళూ కలిసి 2011లో ఈ పద్ధతితోనే ట్యాంకులో మేఘాల ఆకారాలు తెప్పించి పేపర్ వేసారు. ఇందులో కొలిచేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, వేడెక్కిన నీళ్ళలో వెలుగు వంగుతుంది కాబట్టి లేజర్ పొర తిన్నగా ఉండదు, పూస ఫొటోలో కనబడే చోటూ అది నిజంగా ఉన్న చోటూ కాస్త తేడాగా ఉంటాయి, ఆ తేడాని కూడా కంప్యూటర్ సుడి తిరుగుడులోనే కలిపి లెక్క వేసేస్తుంది, వేడి ఎంత పెంచితే అంత ఎక్కువగా, సరిగ్గా సుడులు పగులుతున్న చోటే.